వీధి కుళాయి నుంచి వంటింటి గ్లాసు దాకా: క్లోరిన్ ఎక్కడ మాయమవుతోంది?

చిన్న ఊళ్లలో నీళ్లు బాగోలేవనగానే అందరి వేలూ ఊరి ట్యాంకు వైపే తిరుగుతుంది. తప్పు అక్కడ ఉండొచ్చు. అయితే శుద్ధి చేసి వదిలిన నీళ్లు కూడా గేటు దాటి లోపలికొచ్చాక సంపులోనో, మిద్దె మీది ట్యాంకులోనో, చివరికి వంటింట్లో నిలవ ఉంచే పాత్రలోనో పాడవుతాయి. పైకి తేటగా ఉంటాయి, రుచి కూడా మారదు. అందుకే కంటికీ నాలుకకూ వదిలేయకుండా క్లోరిన్ ఎక్కడిదాకా మిగిలిందో కొలిచి చూడాలి. మురికి, నాచు, సూక్ష్మజీవులు ఏవి తగిలినా క్లోరిన్ వాటి మీద ఖర్చయిపోతుంది. అది హఠాత్తుగా పడిపోయిన చోటే వెతకాలి.

దీనికి డీపీడీ మాత్రలు (క్లోరిన్ ఉంటే నీళ్లను గులాబీ రంగుకు మార్చేవి), రంగుల గీతలున్న చిన్న గాజు గొట్టం చాలు. నీళ్లు వచ్చే వేళ వీధి కుళాయిని ఐదు నిమిషాలు వదిలి, గొట్టాన్ని అవే నీళ్లతో రెండుసార్లు కడిగి, 10 మిల్లీలీటర్ల గీత దాకా పట్టండి. మాత్రను వేలితో ముట్టుకోకుండా రేకులోంచే గొట్టంలో పడేలా చేసి, కరిగించి, వెంటనే రంగు పోల్చండి. ఆలస్యమైతే గులాబీ రంగు ముదిరి లెక్క తప్పుతుంది. తర్వాత సంపులో, మిద్దె మీది ట్యాంకులో, వంటింటి కుళాయి దగ్గర, తాగే పాత్రలో కూడా ఇలాగే చూసి, ఐదు అంకెలూ ఒకే కాగితం మీద రాయండి. పసుపు రంగు తెచ్చే ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం కూడా దొరుకుతుంది గానీ, అది పనిచేసే క్లోరిన్‌నూ వేరే పదార్థాలతో కలిసిపోయిన క్లోరిన్‌నూ విడదీసి చూపదు. పైగా ఆ ద్రావణం విషం. డీపీడీయే మేలు.

ఇంటికి చేరే నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. వీధి కుళాయి దగ్గరే సున్నా వస్తే ఇంట్లో ఎంత కడిగినా లాభం లేదు. తేదీ, సమయం, అంకె రాసి సరఫరా చేసేవాళ్లకు ఫిర్యాదు ఇవ్వండి, అది సరయ్యేదాకా తాగే నీళ్లు కాచుకోండి. నీళ్లు సలసల మరగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, సముద్రమట్టానికి 2000 మీటర్ల పైన ఉండే ఊళ్లలో మూడు నిమిషాలు. క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు కూడా మరిగితే చస్తాయి.

వీధిలో 0.5 ఉండి సంపులో సున్నా అయితే ముందు సంపు మూత చూడండి. నేలతో సమానంగా ఉన్న మూత చుట్టూ కడిగిన నీళ్లు, వాననీళ్లు లోపలికే పోతాయి. సంపు అంచు నేల కన్నా కనీసం 15 సెంటీమీటర్లు లేచి ఉండాలి, మూత ఆ అంచు మీద టోపీలా కిందికి దిగాలి. రెండోది పగుళ్లు. నిండుగా ఉన్నప్పుడు సంపులోంచి నీళ్లు బయటికి ఊరతాయి. ఖాళీ అయినప్పుడు అదే పగులు గుండా చుట్టూ ఉన్న మట్టినీరు లోపలికి ఊరుతుంది. దగ్గర్లో సెప్టిక్ ట్యాంకు గానీ మురుగు పైపు గానీ ఉంటే ఇక చెప్పేదేముంది. పగులు తెలియాలంటే వచ్చే పైపు, మోటారు రెండూ కట్టేసి, నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీసి మర్నాడు పొద్దున చూడండి. మూడోది ఓవర్‌ఫ్లో పైపు. దాన్ని నేరుగా మురుగు కాలువలోకి దించితే కాలువ పొంగిన రోజు మురుగు సంపులోకే ఎదురొస్తుంది. పైపు చివర కాలువకు పైన, గాలి ఆడే ఖాళీ వదిలి ఆగాలి. మూతికి దోమల జాలీ కట్టాలి.

వీధి పైపుకే మోటారు బిగించి నీళ్లు లాగేయడం నిజంగా ప్రమాదకరమైన అలవాటు. లైనులో ఒత్తిడి వాతావరణ పీడనం కన్నా తగ్గిపోతే, కారే ప్రతి జాయింటూ పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. లాగిన ఇల్లొక్కటే కాదు, వీధి మొత్తం ఆ నీళ్లే తాగుతుంది. రోజుకు ఒకటి రెండు గంటలే నీళ్లొచ్చే చోట ఆ తర్వాత లైను ఖాళీగానే ఉంటుంది కాబట్టి ఈ బెడద మోటార్లు లేకపోయినా కొంత ఉంటుంది. అందుకే మొదట వచ్చే నీళ్లను సంపులోకి వదలకుండా కడగడానికి వాడుకోవాలి. బోరు పైపునూ వీధి పైపునూ ఒక టీ జాయింటుతో కలపొద్దు. రెండూ విడివిడిగా, సంపు నీటిమట్టానికి పైనుంచి పడాలి. బకెట్టులో ముంచి వదిలేసిన రబ్బరు పైపు కూడా ఇదే పని చేస్తుంది, ఒత్తిడి పడిపోగానే బకెట్టులో నీళ్లు వెనక్కి పోతాయి.

సంపులో బాగుండి మిద్దె మీది ట్యాంకులో క్లోరిన్ పోతే కారణం ఎండ, నాచు, అడుగున పేరుకున్న బురద. వెలుతురు చొరబడే ట్యాంకులో నాచు ఎంత కడిగినా మళ్లీ వస్తుంది. నాలుగు రోజులకు సరిపడే ట్యాంకు పెట్టుకుని రోజుకు పావు వంతు వాడుకునే ఇంట్లో నీళ్లు నిలవ ఉండే కొద్దీ క్లోరిన్ దానంతటదే విరిగిపోతుంది. ట్యాంకులో ఉండి వంటింట్లో లేకపోతే, వాడని బాత్రూముకు వెళ్లే పైపు ముక్క లాంటి కదలని నీళ్లుండే చోట్లు వెతకండి.

ఇక కడగడం. గీజర్ స్విచ్ ముందే ఆపేయండి, ట్యాంకు ఖాళీ అయ్యాక నీళ్లు లేని గీజర్ నడిస్తే ఎలిమెంటు కాలిపోతుంది. ఆర్వో ఫిల్టరు ఉంటే దానికి వెళ్లే కుళాయి కట్టేయండి, ఘాటైన క్లోరిన్ దానిలోని మెంబ్రేన్‌ను, అంటే వడపోత పొరను, తినేస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి, నైలాన్ బ్రష్షుతో సబ్బు లేకుండా రుద్ది, బురద మొత్తం బయటికి తీసి నీళ్లు నింపండి. ఇప్పుడు లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. అంటే 1000 లీటర్ల ట్యాంకుకు 50 గ్రాములు. 30 శాతం బలం ఉన్న బ్లీచింగ్ పౌడరైతే సుమారు 170 గ్రాములు, బలం 25 శాతానికి పడిపోయి ఉంటే 200 గ్రాములు, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణమైతే ఒక లీటరు. పౌడరును ప్లాస్టిక్ బకెట్టులో నీళ్లలో కలిపి పావుగంట కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోయండి. అడుగున దిగేది సున్నం. తర్వాత ఒక్కో కుళాయిని క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి కట్టేయాలి. ఈ మెట్టు దాటేస్తే ట్యాంకు మాత్రమే శుభ్రపడుతుంది, పైపులు అలాగే ఉంటాయి. పన్నెండు గంటలు ఉంచి, మొత్తం వదిలేసి, కొత్త నీళ్లతో పైపులు కడగండి. ఆ ఘాటు నీళ్లు మొక్కలకూ సెప్టిక్ ట్యాంకులోకీ పోనివ్వొద్దు.

కడిగేది సంపయితే నీళ్ల కన్నా ముందు మనిషి ప్రాణం గురించి ఆలోచించాలి. చాలాకాలం మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు తగ్గి ఉండొచ్చు, విషవాయువులు నిండి ఉండొచ్చు. దీపం దించి చూడటాన్ని నమ్ముకోకండి, విషవాయువు ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది, మండే వాయువు ఉంటే పేలుతుంది. వీలైనంత వరకు పైనుంచే పొడవాటి కర్ర బ్రష్షుతో కడిగి, బురద పంపుతో తోడేయండి. లోపల డీజిల్, పెట్రోలు ఇంజన్లు నడపొద్దు, వాటి పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో చంపుతుంది. సంపు లోపల బ్లీచింగ్‌తో రుద్దొద్దు. బాత్రూములు కడిగే యాసిడ్ దానికి తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. లోపల ఎవరైనా కుప్పకూలితే వెనకే దిగకండి, కాపాడబోయినవాళ్లే ఎక్కువగా చనిపోయేది ఇలాంటప్పుడే. ఫ్యాను గాలి లోపలికి కొట్టండి, అగ్నిమాపక సిబ్బందిని పిలవండి. పని అయ్యాక మూతకు తాళం వేయాలి. పసిపిల్లలు మునగడానికి సంపే అక్కర్లేదు, నీళ్లున్న బకెట్టు చాలు.

మోటారు విషయంలో స్విచ్ ఆపితే సరిపోదు, మీటరు బోర్డులోని ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్) దించి ప్లగ్ పీకాలి. కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటే అది గీజర్‌లోనో మోటారులోనో కరెంటు లీకు. పాత ఇళ్లలో ఇనుప నీటిపైపునే ఎర్తింగ్‌గా వాడి ఉంటారు. ఆ పైపులో ఒక్క ముక్క తీసి ప్లాస్టిక్ పైపు వేసిన రోజే ఎర్తింగ్ తెగిపోతుంది, ప్లంబరుకు ఆ సంగతి తెలియదు, ఎలక్ట్రీషియన్‌ను ఎవరూ పిలవరు. పైపులు మార్చిన ప్రతి ఇంట్లో ఎర్తింగ్ విడిగా పరీక్ష చేయించాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.

కడిగాక కూడా క్లోరిన్ నిలవకపోతే తాగేందుకు పట్టిన తేట నీళ్లలో లీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన కలపొచ్చు. సువాసనలు, సబ్బు కలపని 5 శాతం హైపోక్లోరైట్‌తో 20 లీటర్లకు 0.8 మిల్లీలీటర్లు, సూది లేని సిరంజితో కొలవండి. అరగంట తర్వాత డీపీడీలో 0.2 నుంచి 0.5 మధ్య ఉంటే చాలు. మట్టిరంగు నీళ్లయితే ముందు తేర్చి వడకట్టాలి, బురద రేణువుల చాటున దాగిన క్రిములకు క్లోరిన్ అందదు. పౌడరు డబ్బాను చల్లగా, పొడిగా, గట్టి మూతతో ఉంచండి. కూల్‌డ్రింకు సీసాలో బ్లీచ్ ఎన్నడూ పోయకండి. తాగే పాత్రకు ఇరుకు మూతి, అడుగున కుళాయి ఉంటే చేయి ముంచే అవసరమే రాదు.

క్లోరిన్‌తో గానీ కాచడంతో గానీ పోనివి ఉన్నాయి. నైట్రేట్ (లీటరుకు 45 మిల్లీగ్రాముల లోపు ఉండాలి), ఫ్లోరైడ్ (1.5 లోపు), ఆర్సెనిక్ (0.01 లోపు). కాచితే నీళ్లు ఆవిరై ఇవి ఇంకా చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువున్న బోరు నీళ్లతో ఆరు నెలల లోపు పసిబిడ్డకు పాలపొడి కలిపితే రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారుతుంది. ఆ నీళ్లు బిడ్డకు కాచి ఇచ్చినా తప్పే. టీడీఎస్ మీటరు ఇవేవీ చెప్పదు. అది కరిగిన లవణాల మొత్తాన్ని విద్యుత్ ప్రవాహం ద్వారా అంచనా వేస్తుందంతే, దానికి క్రిములు అసలే కనపడవు. బోరు నీళ్లు తాగే ఇల్లు ల్యాబులో ఈ మూడింటితో పాటు, నీళ్లలో మలం కలిసిందని చూపే ఇ.కోలీ (E. coli) బ్యాక్టీరియా పరీక్ష కూడా చేయించాలి. 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ నమూనాను ల్యాబువాళ్లు ఇచ్చిన క్రిమిరహిత సీసాలోనే పట్టి, మంచు పెట్టెలో ఆరు గంటల్లోపు చేర్చండి.

ఆర్వో ఉంది కదా అనుకునేవాళ్లు దాని వెనక ట్యాంకును మర్చిపోతారు. కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను పూర్తిగా తీసేస్తుంది, కాబట్టి లోపలి నిలవ నీళ్లకు రక్షణే ఉండదు. వారం ఊరెళ్లి వస్తే ఆ ట్యాంకు నీళ్లు పారబోసి, రెండోసారి నిండినవే తాగండి. ఆ కార్బన్ పాతబడితే క్లోరిన్ దాటి వెళ్లి మెంబ్రేన్‌ను చిల్లులు చేస్తుంది. కార్బన్ ఫిల్టరు తర్వాత వచ్చే నీళ్లలో డీపీడీ మాత్ర వేసి చూడండి, లేత గులాబీ రంగు కనిపించినా దాన్ని మార్చే వేళయినట్టే.