పేరు రాసిన మార్కర్లు

"మా అబ్బాయి వస్తువులు తీసి పంచిపెట్టమని మీకు ఎవరు చెప్పారు?"

బడి తెరిచిన నాలుగో రోజు పొద్దున్నే నా తరగతి గది గుమ్మంలో నిలబడి ఒక తల్లి అడిగిన మాట ఇది. రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా వచ్చినట్టున్నారు, ఒంటి మీద ఆస్పత్రి వంటగది యూనిఫాం అలాగే ఉంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. అందరి మార్కర్లూ కలిపి పోసిన ప్లాస్టిక్ డబ్బా అప్పుడు నా చేతిలోనే ఉంది. ఆవిడ అందులో చెయ్యిపెట్టి వెతికి, ఒక్కొక్కటే తీసి నా బల్ల మీద వరసగా పేర్చారు. మొత్తం పది. ప్రతిదాని మీదా సన్నని తెల్ల టేపు ముక్క, దాని మీద నీలం సిరాతో పిల్లవాడి పేరు. పొడుగాటి పేరు, మార్కరు చుట్టూ తిరిగి వచ్చింది. రెండో తరగతి పిల్లవాడు కూడబలుక్కుని చదువుకోగలిగేలా ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా రాశారు.

క్షమించమన్నాను. ఆవిడ తల ఊపి, మార్కర్లను పిల్లవాడి డెస్కులో పెట్టి వెళ్లిపోయారు. ఆ రోజంతా పాఠం చెబుతూనే లోలోపల ఆవిడకు సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది కూడా ఆ సంజాయిషీయే కావచ్చు.

హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పి, 2018లో, విదేశీ టీచర్లను కొన్నేళ్లపాటు రప్పించుకునే జె-1 వీసా మీద అమెరికాలోని సౌత్ కరొలైనా రాష్ట్రానికి వచ్చాను. ఈ వీసాకు మూడేళ్ల గడువు, కుదిరితే మరో రెండేళ్లు పొడిగిస్తారు. నన్ను తీసుకున్న బడి టైటిల్ వన్ కిందికి వస్తుంది. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు కేంద్రం అదనపు నిధులిచ్చే పథకం అది, 1965 నాటి చట్టంతో మొదలైంది. మా బడిలో ఆ నిధులు చదవడంలో వెనకబడిన పిల్లలకు సాయం చేసే అదనపు టీచర్ల జీతాలకు సరిపోయేవి. పెన్సిళ్ల దాకా వచ్చేవి కావు.

గది తాళం చేతికిచ్చిన రోజున లోపల ఉన్నవి ఇవి: ఇరవై రెండు డెస్కులు, అడుగుచెక్క ఊడిన ఒక పుస్తకాల అర, అయిదారుగురు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చదివించడానికి మూత్రపిండం ఆకారంలో ఉండే బల్ల, తెల్లబోర్డు. అమెరికా బడి అంటే నేను ఊహించుకున్నది వేరు. అంతకుముందున్న టీచరు అన్నీ పట్టుకుపోయారని తెలిసి మొదట కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, ఆవిడ పట్టుకుపోయిన తివాచీ, పుస్తకాలు, బుట్టలు, దీపాలు అన్నీ ఆవిడ సొంత డబ్బుతో కొన్నవే. ఇక్కడ టీచరుతో పాటు గది కూడా వెళ్లిపోతుంది.

2015–16లో కేంద్ర విద్యాశాఖ గణాంక సంస్థ జరిపిన సర్వేలో ప్రభుత్వ బడుల టీచర్లలో 94 శాతం మంది తరగతి గది సామాన్ల కోసం తిరిగి రాని సొంత డబ్బు పెట్టామన్నారు. సగటున ఏడాదికి 479 డాలర్లు. ఆదాయపు పన్ను చట్టంలోనే ఈ ఖర్చుకు మినహాయింపు ఉంది. అప్పట్లో 250 డాలర్లు ఉండేది, 2022లో దాన్ని 300 చేశారు. టీచరు తన జేబులోంచి పెట్టుకుంటుందని చట్టమే ఒప్పుకున్న దేశం ఇది. ఇంత సంపన్న దేశంలో ఏడేళ్ల పిల్లవాడి పెన్సిలు ఎవరి బాధ్యతో తేలకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మా రాష్ట్రం మాత్రం ప్రతి టీచరుకు ఏడాది మొదట్లో 275 డాలర్లు ఇచ్చేది. ఆగస్టు మొదటి శుక్రవారం నుంచి ఆదివారం దాకా బడి సామాన్ల మీద అమ్మకపు పన్ను ఎత్తేసేవారు. ఆ మూడు రోజులూ దుకాణాల్లో తోపుడు బళ్లు నెట్టుకుంటూ తిరిగేవాళ్లలో సగం మంది టీచర్లే అనిపించింది.

ఆ 275 డాలర్లతో నేను చేసినవాటిలో ఇప్పటికీ తృప్తినిచ్చేది పలకల సంగతి. ఇళ్ల సామాన్లు అమ్మే పెద్ద దుకాణంలో స్నానాల గది గోడలకు వేసే నున్నటి తెల్ల పలక దొరుకుతుంది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. దాన్ని అడుగు చదరాలుగా కోయిస్తే ముప్ఫై రెండు పలకలు వస్తాయి. అంచులు గుచ్చుకోకుండా రంగు టేపు అంటించాను. తుడవడానికి జతలు తప్పిపోయిన పాత మేజోళ్లు. మొత్తం ఖర్చు ఇరవై డాలర్లు దాటలేదు. లెక్క చేసి పిల్లలందరూ ఒక్కసారిగా పలకలు పైకెత్తితే ఎవరికి వచ్చిందో, ఎవరు పక్కవాడిది చూసి రాశారో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఇరవై రెండు పలకలు గాల్లోకి లేచిన ఆ మొదటిసారి నాకు కళ్లు చెమర్చాయి. పొద్దున పాలలో వేసుకుని తినే సీరియల్ అట్టపెట్టెలను ఏటవాలుగా కోసి పుస్తకాల గూళ్లు చేశాను. పుస్తకాలు ఊరి గ్రంథాలయం వాళ్లు పాతవి అమ్మినప్పుడు తెచ్చుకున్నవి. కుర్చీలు నేలను గీకి చప్పుడు చేస్తుంటే, గదులు శుభ్రం చేసే పెద్దాయన అడక్కుండానే కాళ్లకు పాత టెన్నిస్ బంతులు కోసి తొడిగారు. ఎనభై ఎనిమిది బంతులు ఎక్కడ సంపాదించారో ఆయన చెప్పలేదు.

గోడల విషయంలో మా నాన్న నేర్పిన దారిలోనే వెళ్లాను. నాన్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టులో శిక్షణ పొందిన తరం ఆయనది. అప్పుడు టీచర్లకు చెప్పిన ఆరు సూత్రాల్లో ఒకటి, పిల్లలు చేసిన పనిని ప్రదర్శించి గదిని ఆకర్షణీయంగా ఉంచాలని. చింతపిక్కలు, ఐసు పుల్లలు, అగ్గిపెట్టెలు, పాత క్యాలెండర్లు వాడి బోధనోపకరణాలు ఎలా చేసేవారో మీలో చాలామంది చూసే ఉంటారు. అందుకే పక్క గదుల వాళ్లు కొన్న రంగురంగుల పోస్టర్ల జోలికి నేను పోలేదు. గోడలు ఖాళీగా ఉంచి, పిల్లలు రాసినవీ గీసినవీ వచ్చేకొద్దీ అంటించాలనుకున్నాను. గోడలో సగానికి మించి కాగితాలు ఉండకూడదని, మంటలు లేస్తే నీళ్లు చిమ్మడానికి పైకప్పున అమర్చిన గొట్టాల కింద పద్దెనిమిది అంగుళాల మేర ఏమీ వేలాడకూడదని అగ్నిమాపక నిబంధనలు ఎలాగూ ఉన్నాయి.

ఇక మార్కర్ల సంగతి.

వేసవిలోనే బడివాళ్లు తల్లిదండ్రులకు ఒక జాబితా పంపుతారు: ఇరవై నాలుగు క్రేయాన్లు, పది మార్కర్లు, జిగురు పుల్లలు, పెన్సిళ్లు, టిష్యూ కాగితాల పెట్టెలు. మొదటి రోజు కొందరు నిండు సంచులతో వచ్చారు. ఎనిమిది మంది ఖాళీ చేతులతో వచ్చారు. పక్క గదిలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న టీచరు, "అన్నీ ఒకచోట పోసెయ్యండి, ఇక్కడ అందరం అలాగే చేస్తాం" అన్నారు. ఆవిడ చెప్పిన కారణం నాకు సబబుగా తోచింది. ఒక డెస్కు మీద అరవై నాలుగు రంగుల డబ్బా, పక్క డెస్కు మీద విరిగిన మూడు ముక్కలు ఉంటే, ఆ తేడాను పిల్లలు బొమ్మ గీసే ప్రతిసారీ చూడాలి. కలిపేస్తే ఎవరివి ఎవరికీ తెలియవు. ఆ సాయంత్రమే నేను సంచులన్నీ విప్పి, రకాల వారీగా డబ్బాల్లో సర్దాను. టేపు మీద పేర్లు కనబడ్డాయి. కనబడినా సర్దాను.

ఆ తల్లి వెళ్లాక నాలో మొదట లేచింది అభిమానం. మన బడుల్లో ఏ తల్లి ఇలా అడుగుతుంది? పిల్లల్ని బడిలో దింపాక టీచరు మాటే మాట కదా. పక్కవాడికి బలపం లేకపోతే మన బలపం విరిచి సగం ఇచ్చాం. దానికి ఇంటికెళ్లి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఇక్కడివాళ్లకు 'నాది' అన్న మాట ఉగ్గుపాలతోనే వస్తుందని, పంచుకోవడం మన రక్తంలో ఉందని రెండు రోజులు నాలో నేనే వాదించుకున్నాను. ఆ వాదన నాకు చాలా హాయినిచ్చింది. అప్పట్లో ఇంటి మీద బెంగ ఎంతగా ఉండేదంటే, మన ఊళ్లో ప్రతిదీ గొప్పగానే గుర్తుకొచ్చేది.

ఆదివారం నాన్నకు ఫోను చేసి అంతా చెప్పాను. నా పక్షాన మాట్లాడతారనే చేశాను. ఆయన ఓపిగ్గా విని అడిగారు:

"ఆ తల్లి పేర్లు రాసి పంపిందా?"

"రాసింది నాన్నా. పదింటి మీదా."

"మరి నువ్వు చూసే తీశావా?"

నేను బలపాల సంగతి ఎత్తాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "ఒకరి బలపం తీసుకుని ఇంకొకరికి నేనెప్పుడూ ఇవ్వలేదమ్మా. విరిచి ఇచ్చింది నువ్వు. ఇవ్వని రోజులు కూడా ఉన్నాయి, నీకు గుర్తులేదేమో."

"మరి లేనివాళ్లకు ఎలా?"

"నా జేబులో ఉండేవిగా."

ఆ జేబు నాకు గుర్తే. చొక్కా జేబు అడుగున ఎప్పుడూ బూడిదరంగు పొడి పేరుకుని ఉండేది. ఉతికేముందు అమ్మ దాన్ని తిరగేసి, గోడకు కొట్టి దులిపేది. అది దేని పొడో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ బలపాలకు ఎంతయ్యేదో నాన్న లెక్క రాసుకోలేదు, ఏ సర్వేవాళ్లూ ఆయన్ని అడగలేదు. అమెరికాలో టీచర్లు సొంత డబ్బు పెట్టడం చూసి వింతపడ్డ నేను, అలాంటి మనిషి ఇంట్లోనే పెరిగాను.

మన దగ్గర తల్లులు ఎందుకు అడగరో కూడా ఆ రాత్రి ఆలోచించాను. వాళ్లకు నచ్చే ఊరుకున్నారని నేను అనుకున్నాను గానీ, పంతులుగారిని అడగడానికి భయపడి ఊరుకున్నవాళ్లు ఎందరో. ఆస్పత్రి వంటగదిలో రాత్రంతా నిలబడి పనిచేసిన మనిషి, నిద్ర మానుకుని వచ్చి నా ఎదుట నిలబడి అడిగింది. ఆ మార్కర్లు కొనడానికి ఆవిడ ఇంకేం మానుకుందో నాకు తెలియదు. బడిలో తన కొడుకు దగ్గర తనవంటూ కొన్ని ఉండాలని కోరుకుంది.

మరుసటి వారం గదిని మళ్లీ సర్దాను. పేర్లు రాసి వచ్చినవన్నీ ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేశాను. ఎవరి పెట్టె వాళ్లకు, మూత మీద వాళ్లే గీసుకున్న బొమ్మ. గది మధ్యలో ఉమ్మడి అర పెట్టాను. అందులోవి నా డబ్బుతో కొన్నవి, ఆగస్టు చివర ధరలు పడిపోయినప్పుడు తెచ్చి దాచినవి, ఇష్టపడి ఇస్తామని తల్లిదండ్రులు విడిగా పంపినవి. అర ముందు రెండు గ్లాసులు: ఒకదానిలో చెక్కిన పెన్సిళ్లు, ఇంకోదానిలో మొద్దుబారినవి. ములుకు అరిగిన పిల్లవాడు లేచి, పాతది ఒకదాంట్లో వేసి కొత్తది ఇంకోదాంట్లోంచి తీసుకుంటాడు. పాఠం మధ్యలో చెక్కుడు మర చప్పుడు ఉండదు. మొద్దువి సాయంత్రం నేనే చెక్కుతాను. పెన్సిలు ఎవరికైనా పెన్సిలే, దాని మీద ఎవరికీ పంతం ఉండదు. రంగుల దగ్గరే వస్తుంది పేచీ.

ఈ పద్ధతి వల్ల నా ఖర్చు పెరిగింది. పక్క గది టీచరు చెప్పిన కష్టం కూడా ఎక్కడికీ పోలేదు. ఉమ్మడి అర నుంచి క్రేయాన్లు తెచ్చుకునే ఎనిమిది మందీ ఎవరో అక్టోబరు కల్లా తరగతిలో అందరికీ తెలిసిపోయింది. అరలోవి సొంతవాటికంటే బాగుండాలని కొత్త డబ్బాలు ముందు అక్కడే విప్పేదాన్ని. ఒక పాప మాత్రం అరదాకా రావడానికి మొహమాటపడి, వెతుక్కుంటున్నట్టు నటిస్తూ సంచిలో చెయ్యి పెట్టుకుని కూర్చునేది. ఆ పాపను చూసిన రోజుల్లో పక్క గది టీచరే సరి అనిపించేది. టేపు మీద నీలం అక్షరాలు గుర్తొస్తే ఆ తల్లే సరి అనిపించేది. అయిదేళ్లు అక్కడ పనిచేశాను. ప్రతి ఆగస్టులోనూ డబ్బాలు ముందు పెట్టుకుని ఈ తగువు మళ్లీ తీర్చుకోవాల్సివచ్చేది. చేయగలిగింది ఒకటే చేశాను: ఏది ఉమ్మడో, ఏది బిడ్డ సొంతమో ముందే ఉత్తరం రాసి, తల్లిదండ్రుల సంతకం తెచ్చుకునేదాన్ని.

ఆ పిల్లవాడు ఏడాదంతా తన మార్కర్లు ఎవరికీ ఇవ్వలేదు. నేనూ ఇవ్వమని అడగలేదు. బొమ్మ పూర్తవగానే మూతలు టక్కుమనేలా నొక్కి, రంగుల వరస తప్పకుండా పెట్టెలో సర్దుకునేవాడు. చివరి రోజున డెస్కులు ఖాళీ చేస్తుంటే నా దగ్గరికి తెచ్చి చూపించాడు. పదిలో ఏడు ఇంకా రాస్తున్నాయి. ఆకుపచ్చదాని మీద టేపు అంచు లేచిపోతే, కొత్త టేపు ముక్క అడిగి తీసుకుని, పేరు తనే రాసుకున్నాడు.