మంచి సీటులో శోధన: నా అనుభవం

మన మందిరాల్లో శోధన అనగానే ఎక్కువగా వినపడేవి తాగుడు, చెడు స్నేహాలు, సెల్ ఫోన్. ఫైలు కదిపే చేతికి వచ్చే శోధన గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నేను భూముల రికార్డులు చూసే ఒక ఆఫీసులో గుమాస్తాని. మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. "మమ్మును శోధనలోకి తేక దుష్టునినుండి మమ్మును తప్పించుము" అని చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం సంఘంతో కలిసి చెబుతూనే ఉన్నాను. ఆ మాట గుండెల్లోంచి వచ్చింది మాత్రం నన్ను మ్యుటేషన్ల సీటులో, అంటే రికార్డుల్లో భూమి యజమాని పేరు మార్చే పనిలో, వేశాకే.

దానికి ఆఫీసులో "మంచి సీటు" అని పేరు. నన్ను అక్కడ వేశారని తెలిసి కొందరు స్వీట్లు అడిగారు కూడా. చేరిన కొత్తల్లోనే ఒక పెద్దాయన దరఖాస్తు పట్టుకొచ్చాడు. జిరాక్సు కాగితాల మధ్య మడతపెట్టిన ఐదువందల నోట్లున్నాయి. చెమటకి మెత్తబడ్డాయి, అంచుల్లో పసుపు అంటుకుని ఉంది. దుగ్గిరాల పసుపు యార్డులో పంట అమ్ముకున్న డబ్బు అయ్యుండొచ్చు. "ఉంచండి బాబూ, పిల్లలకేమన్నా కొనిపెట్టండి" అన్నాడు. తిరిగి ఇచ్చేస్తే ఆయన ముఖం వాడిపోయింది. తక్కువైందనుకున్నాడు. లోపలి జేబులోంచి ఇంకో నోటు తీశాడు! డబ్బు అక్కర్లేదు, పని అవుతుంది అని ఆయన్ని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆయన్నైతే పంపించాను కానీ ఆ నోట్లు నా మనసులోంచి పోలేదు. ఆ నెలలోనే మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి. "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి" అని యాకోబు పత్రికలో ఉంది. దురాశ అంటే బంగళాలు, కార్లు అనుకుంటాం. నాకు అది లెక్క రూపంలో వచ్చింది. ఇంత జీతం, ఇంత ఫీజు, ఇంత తక్కువ. ఎవరినీ పీడించడం లేదు, వాళ్లే సంతోషంగా ఇస్తున్నారు, ఫీజు కోసం దేవుడే ఈ దారి చూపించాడేమో అనే దాకా వెళ్లింది ఆలోచన. అక్కడ నాకు భయమేసింది. అరణ్యంలో మొదలైన శోధనలో అపవాది, అంటే సాతాను కూడా 91వ కీర్తన చెప్పే కదా యేసు ప్రభువుని దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్నాడు. ప్రభువు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోని వాక్యంతోనే జవాబిచ్చాడు.

ఆ రాత్రే మా ఆవిడకి అంతా చెప్పేశాను. నోట్లు ఎలా ఉన్నాయో, నాకేం అనిపించిందో, ఏదీ దాచలేదు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "జీపీఎఫ్‌లో దాచుకున్న డబ్బు మీద లోను పెట్టండి, చాలకపోతే నా గొలుసు ఉంది" అంది. ఇద్దరం మోకరించాం. రహస్యంగా ఉన్నంతసేపు కొండంత అనిపించిన శోధన, ఇంకో మనిషికి చెప్పాక సగం బలం పోగొట్టుకుంది.

మా సంఘం పాస్టరు అయ్యగారి దగ్గరికి కూడా వెళ్లాను. పెద్ద ప్రసంగం చేస్తారనుకున్నాను. ఆయన మాత్రం, "లంచం ఆలస్యంలో పుడుతుంది తమ్ముడూ. ఫైలు నీ దగ్గర ఎన్నాళ్లుంటే శోధన కూడా అన్నాళ్లు నీ పక్కనే కూర్చుంటుంది" అన్నారు. శోధనతో కూడ తప్పించుకొను మార్గమును దేవుడు కలుగజేయును అని 1 కొరింథీయులకు 10:13లో చదివినప్పుడల్లా ఏదో అద్భుతం జరుగుతుందని ఊహించుకునేవాణ్ణి. నాకు దొరికిన మార్గం పెండింగ్ తగ్గించుకోవడం. దరఖాస్తు తెచ్చినవాళ్ల ఎదుటే కాగితాలు చూసి, తక్కువైనవి ఏమిటో చీటీ మీద రాసిచ్చేవాణ్ణి. పనికి రావలసిన రోజు కూడా చెప్పేసేవాణ్ణి. పొద్దున్నే, ఎవరూ రాకముందు సీటులో కూర్చుని, "లంచము దృష్టిగలవానికి గ్రుడ్డితనము కలుగజేసి" అనే నిర్గమకాండము వాక్యం చెప్పుకుని ప్రార్థించేవాణ్ణి. ఫైలు తొందరగా కదిలితే ఇవ్వాలనే ఆలోచన చాలామందికి రాదు.

జనం కంటే తోటివాళ్లతోనే కష్టమైంది. సాయంత్రం పంచుకునే వాటాలో నా భాగం వద్దన్నాను. "మీరు తీసుకోకపోతే మేమెలా తీసుకుంటాం సార్?" అని ఒకాయన ముఖం మీదే అడిగాడు. టీకి పిలవడం మానేశారు. నేను వస్తే మాటలు ఆపేసేవాళ్లు. ఇంత పెద్దవాణ్ణయ్యాక కూడా ఆ వెలి బాధ పెడుతుందని అప్పుడే తెలిసింది. దాని వెనకే ఇంకో శోధన వచ్చింది: వీళ్లందరికంటే నేనే నీతిమంతుణ్ణి అనే గర్వం. దేవాలయంలో నిలబడి నేను ఇతరుల వంటివాణ్ణి కాదని ప్రార్థించిన పరిసయ్యుడి కథ నా కోసమే రాసినట్టుంది. అందుకే వాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చెప్పి ప్రార్థించడం మొదలుపెట్టాను. ఆడిట్ వచ్చినప్పుడు వాళ్ల రిజిస్టర్లు కూడా కూర్చుని రాసిపెట్టాను.

ఏసీబీ భయం చాలదా అని కొందరు అడుగుతారు. పౌడర్ పూసిన నోట్లు, వేళ్లు ముంచగానే గులాబీ రంగుకి మారే నీళ్లు, ఆ టెన్షన్ ఉద్యోగులందరికీ ఉంటుంది. కానీ ఆ పసుపు రైతు ఎవరికీ ఫిర్యాదు చేసే మనిషి కాదు. బైబిల్లో యజమాని పోతీఫరు భార్య పాపానికి పిలిచిన రోజు, ఆ ఇంట్లో యోసేపుని చూసేవాళ్లూ ఎవరూ లేరు. అయినా దేవునికి విరోధముగా పాపము కట్టుకోనని పారిపోయాడు. అందుకు ఆయనకి దక్కింది జైలు. ఈ సంగతి మన సాక్ష్యాల్లో త్వరగా దాటేస్తాం. నమ్మకంగా ఉంటే వెంటనే ప్రమోషన్ వస్తుందన్నట్టు చెబుతాం. నాకు ప్రమోషన్ రాలేదు, రికార్డు గదికి మార్చారు. ఫీజు లోనుతోనే కట్టాం. ఆ అప్పు ఇంకా జీతంలో కోత పడుతోంది. అయినా రాత్రి బైబిల్ తెరిస్తే ఏ పేజీనీ తప్పించుకుని తిప్పాల్సిన పని లేదు. ఆ ధైర్యం కోసం దేవునికి స్తోత్రం.

నా పాత సీటుకి వచ్చిన కుర్రాడు మొన్న రికార్డు గదికి వచ్చాడు. "తీసుకోకుండా ఎలా నెట్టుకొచ్చారు సార్?" అని అడిగాడు. "ముందు ఇంట్లో చెప్పు" అన్నాను. ఇప్పుడు భోజనాల టైంలో ఇద్దరం కూర్చుని అతని పెండింగ్ ఫైళ్ల లిస్టు రాస్తున్నాం.