తుమ్మి మొలిచిన చోట మల్లె

పెరట్లో మల్లె నాటే ముందు, వానలు పడ్డాక అక్కడ ఏ కలుపు లేస్తోందో చూడండి. తుమ్మి దానంతటదే మొలుస్తుంటే అది మెరక, పడ్డ నీరు ఇంకిపోతోందని లెక్క. గుంటగలగర నేలబారున పాకి బుల్లి తెల్లపూలు పూస్తుంటే అక్కడ చెమ్మ ఆరదు. అలాంటి చోట మల్లె పెడితే రెండో వానాకాలానికే వేరు కుళ్ళుతుంది.

మన గోదావరి డెల్టాలో ఇది మరీ ముఖ్యం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఊరూరా కాలువలూ బోదెలూ పారాయి. చుట్టూ వరిచేలు నీళ్ళతో నిండి ఉంటే పెరటి అడుగున కూడా నీటిమట్టం పైకొస్తుంది. పైన మట్టి పొడిగా కనిపిస్తుంది, జానెడు లోతున బంకమన్ను తడిగానే ఉంటుంది. ఆకు వాడింది కదా అని ఇంకో రెండు బిందెలు పోస్తారు, మొక్క పోతుంది. నీళ్ళు తక్కువై పోయే మల్లెలకన్నా ఎక్కువై పోయేవే ఇక్కడ ఎక్కువ.

మెరక లేకపోతే చేసుకోవాలి. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గొయ్యి తీసి, తవ్విన మట్టి రెండు పాళ్ళు, మాగిన గెత్తం (పశువుల ఎరువు) ఒక పాలు, గోదావరి ఇసుక ఒక పాలు కలిపి, చుట్టూ నేలకన్నా అడుగు ఎత్తు దిబ్బగా పోయండి. ఇసుకను గొయ్యి అడుగున పొరలా వేస్తే లాభం లేదు. బంకనేలలో ఆ గొయ్యే నీటి తొట్టి అవుతుంది. మట్టితో కలవాలి. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కకు కవరు కోసి తీశాక, మట్టిముద్ద చుట్టూ చుట్టుకుపోయిన వేళ్ళను చేతివేళ్ళతోనే విడదీయండి. మొక్కకూ మొక్కకూ నాలుగైదు అడుగులు. కోనసీమలో కొబ్బరి నీడన పెట్టినవి ఆకు వేస్తాయి గానీ మొగ్గ వేయవు. మల్లెకు రోజులో ఆరు గంటలైనా ఎండ కావాలి. నీడే ఉంటే నందివర్ధనం పెట్టుకోండి.

ఇక అసలు పని కత్తిరింపు. మల్లె కొత్త చిగురు కొసనే పూస్తుంది, పాత కొమ్మను ఎంత బుజ్జగించినా పూయదు. డిసెంబరులో రెండు మూడు వారాలు నీళ్ళు పూర్తిగా ఆపండి. ఆకు పసుపెక్కి రాలుతుంది, భయపడొద్దు, అదే కావాలి. నెలాఖరుకు నేల నుంచి అడుగున్నర ఎత్తు వదిలి మిగతాదంతా కోసేయండి. ఎండు పుల్లలు, ఒకదానిమీద ఒకటి పడ్డ కొమ్మలు మొదలంటా తీసేయాలి. చాలామంది చేయి రాక కొసలు మాత్రం తుంచుతారు, అందుకే పొద పెరిగినంతగా పూలు పెరగవు.

కోశాక పాదు తేలిగ్గా తవ్వి, ఎదిగిన మొక్కకు పది కిలోల గెత్తం, 65 గ్రాముల యూరియా, 375 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 100 గ్రాముల పొటాష్ వేయండి. మొదలు దగ్గర కాదు, అడుగు దూరంలో చుట్టూ గాడి తీసి వేసి, మట్టి కప్పి ఒక తడి ఇవ్వాలి. అంతే ఎరువు మళ్ళీ జూన్, జూలైలో. గెత్తం మాత్రం ఏడాదికి ఒక్కసారి చాలు. మార్చికి పూత అందుతుంది. సరిగ్గా పూత ముమ్మరంలో కాలువలకు నీళ్ళు ఆపేస్తారు, సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పన. ఆ నీరే దిక్కయితే ఆకుల మీద పడకుండా పాదులోనే పోసి, కొబ్బరి పీచో ఎండుగడ్డో మందంగా పరిస్తే తడులు తగ్గుతాయి.

లేత ఆకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా చల్లండి, వారం తర్వాత మరోసారి. కానీ పాదులో నీరు నిలుస్తుంటే ముందు అది తీయాలి, లేకపోతే పసుపు తిరిగొస్తుంది. ముదురాకు పసుపైతే అది నత్రజని లోటు, మందు వేరు. మొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలితే లోపల మొగ్గ ఈగ పిల్లలు ఉన్నాయన్నమాట. అవి రాలి మట్టిలో కోశస్థ దశకు (ఈగగా మారే ముందు దశకు) వెళ్తాయి కాబట్టి పైన చల్లే మందుకన్నా, రాలిన మొగ్గలు రోజూ ఏరి కాల్చడం, పాదు మట్టి తిరగేయడం ఎక్కువ పనిచేస్తాయి.

నందివర్ధనానికి ఇంత చాకిరీ లేదు. జూన్, జూలైలో పెన్సిల్ మందం కొమ్మ జానెడు కోసి, పాలు కారడం ఆగాక ఇసుక మట్టిలో గుచ్చితే వేరు పోస్తుంది. ఒక్కోసారి రాత్రికి రాత్రి కొమ్మలు బోడి అవుతాయి. కింద మిరియాలంత పెంటికలు కనిపిస్తే పైన లావుపాటి ఆకుపచ్చ గొంగళి ఉంటుంది, తల వెనక నీలం కళ్ళలాంటి మచ్చలతో. గన్నేరునీ అదే తింటుంది. చేత్తో ఏరితే చాలు, మందు అక్కర్లేదు.

తుమ్మిని మాత్రం దయచేసి గట్ల మీద బతకనివ్వండి. కార్తీకంలో శివుడికి ఈ పూలే కావాలంటారు, అదే గట్టుకు గడ్డిమందు కొడతారు. తేనెటీగలు రోజంతా వాలే పువ్వది. ఎదిగినదాన్ని పీకి నాటితే వాడిపోతుంది. ఎండిన గుత్తులు తెచ్చి మెరకన నలిపి చల్లితే తొలకరికి మొలుస్తుంది.

గలగర మొలిచే పల్లం కూడా వృథా కాదు. అక్కడ తొట్టి దించి తెల్ల కలువ పెంచవచ్చు. చెరువు బంకమన్ను మాత్రమే వేసి, దుంప నాటి, మొదట జానెడు నీరు, ఆకు తేలేకొద్దీ పెంచుతూ పోవాలి. గెత్తం వేస్తే నీరు పాచిపడుతుంది. దోమలు పెరగకుండా నాలుగు గప్పీ చేపలు వదలండి.

గట్టున తెల్లగా, గుత్తులుగా, ముద్దుగా కనిపించే ఇంకొకటి ఉంది, వయ్యారిభామ. దాన్ని కోసి ఇంట్లో పెట్టుకోవద్దు, ఒంటికి దురద, కొందరికి ఆయాసం. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది కాబట్టి పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో సహా పీకాలి.