ఎమ్మెల్యే పరిచయ పత్రం రాయబోతే: నా అనుభవం

మొన్న ఆదివారం మా చర్చి సంఘంలో కుటుంబ ఆరాధన జరిగింది. ముఖ్య అతిథి మా ఎమ్మెల్యే. ఆయన్ని సభకు పరిచయం చేసే పత్రం రాయమని రెండు నెలల ముందే నాకు అప్పగించినారు. ఆ రెండు నెలల్లో నేను పడింది ఇంకా కడుపులో మండుతుండగానే రాసిపెడుతున్నా.

మాది అనంతపురం జిల్లా. లండన్ మిషన్ వాళ్ల కాలంనాటి సంఘం. ఇప్పుడు సి.ఎస్.ఐ.లో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో, కడప కేంద్రంగా ఉన్న రాయలసీమ డయాసిస్ (బిషప్ పరిధి) కింద ఉంది. ఎమ్మెల్యే మా మతం వాడు కాదు, దానితో నాకు పేచీ లేదు. మా సమాధుల తోటకు ప్రహరీ కట్టిస్తానన్నాడు, అందుకని పిలిచినారు. కమిటీలో ఒక పెద్దాయన, "ఆదర్శ కుటుంబీకుడు, మద్యానికి విరోధి అని రెండు ముక్కలు రాయి టీచరమ్మా, సరిపోతుంది" అన్నాడు. 34 ఏండ్లు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని. తెలియంది రాసిన ఏ పిల్లోడికీ నేను మార్కు వేయలేదు. "కనుక్కొని రాస్తా" అన్నా.

నాయకుణ్ణి చూసే కొలత నేను కొత్తగా కనిపెట్టింది కాదు. నిర్గమకాండం 18వ అధ్యాయంలో యిత్రో తన అల్లుడు మోషేకు చెప్తాడు, జనం మీద పెట్టే మనిషి దేవునికి భయపడేవాడూ లంచం గిట్టనివాడూ అయ్యుండాలని. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో, ఇల్లు ఏలలేనివాడు సంఘాన్ని ఎట్ల పాలిస్తాడని అడుగుతాడు. అది సంఘ పెద్దల కోసం రాసిన మాటే. అయినా మా బలిపీఠం పక్కన కుర్చీ వేసి కుటుంబం గురించి మాట్లాడమని పిలిచే మనిషిని ఆ మాటతో చూడకపోతే ఇంకెవరిని చూడాలి?

మొదటి పని సులువు. నామినేషనుతో పాటు ప్రతి అభ్యర్థీ ఫారం 26 అనే అఫిడవిట్ ఇస్తాడు. 2002లో సుప్రీంకోర్టు తీర్పు వల్ల వచ్చిందిది. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. మా మనవరాలు ఐదు నిమిషాల్లో 2019ది, 2024ది రెండూ దించి ఇచ్చింది. కేసులు, చదువు, అప్పులు, భార్య పేరున ఎంత, ఆధారపడిన పిల్లల పేరున ఎంత, బంగారం ఎన్ని గ్రాములు, అన్నీ ఉంటాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదవండి, ఒక్కటే చదివితే ఏమీ తెలియదు. మా ఎమ్మెల్యే మీద ఉన్నవి రెండు కేసులు, రెండూ ధర్నాలవే. ఆడవాళ్లకు సంబంధించిన కేసు లేదు. అది చూసి నాకు సంతోషమే అయింది. ముసలి తల్లిని తన దగ్గరే పెట్టుకొని చూసుకుంటాడని ఆ వీధివాళ్లు ముగ్గురు చెప్పినారు. అదీ రాసుకున్నా.

రెండోది, శాసనసభలో ఏం అడిగినాడనేది. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి, శాసనసభ ఉండే వెలగపూడికి సమాచార హక్కు దరఖాస్తు పంపినా. 30 రోజుల గడువులో 27వ రోజు జవాబొచ్చింది. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్ల గురించి, తాగునీటి గురించి ప్రశ్నలున్నాయి. మద్యం గురించి ఒక్కటీ లేదు.

మూడోదే నన్ను ముంచింది. 2024 అక్టోబరు 16 నుంచి రాష్ట్రంలో మళ్లీ ప్రైవేటు మద్యం దుకాణాలు వచ్చినాయి. లైసెన్సు ఉన్న దుకాణం మా ఊరి బయట ఉంది. మా చర్చి సందు చివర నడిచేది మాత్రం బెల్టు షాపు, లైసెన్సూ పాడూ లేనిది. అది ఎమ్మెల్యే అనుచరుడిదని ఊరంతా అంటుంది. ఊరంతా అన్నంత మాత్రాన నేను రాయను. అందుకని సంబంధిత ఆఫీసుకు రెండే ప్రశ్నలు రాసినా. ఆ షాపు మీద ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులొచ్చినాయి, ఏం చర్య తీసుకున్నారు? దాని గురించి ఎమ్మెల్యే నుంచి అనుకూలంగా గాని వ్యతిరేకంగా గాని ఏదైనా లేఖ వచ్చిందా?

పోస్టులో పంపాల్సింది. ఆఫీసు దగ్గరే గదా అని చేత్తో ఇచ్చినా, అదే నా తప్పు. గుమాస్తా చదివి, "ఇది నీకెందుకమ్మా?" అన్నాడు. సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 6(2) ఉంది, కారణం చెప్పాల్సిన పని లేదు. అదే చెప్పినా. నవ్వి, ఫోన్ నంబరు రాయించుకొని, కాగితం సొరుగులో వేసుకున్నాడు. రసీదు ఇవ్వలేదు. నేను ఇంటికి చేరేలోపల నా కొడుక్కి ఎమ్మెల్యే మనుషుల ఫోనొచ్చింది, "మీ అమ్మను క్యాంపు ఆఫీసుకు రమ్మను" అని. నా దరఖాస్తు నాకంటే ముందు అక్కడికి చేరింది! ప్రజల జీతం తిని ప్రజల కాగితాన్ని ఇట్ల మోసేవాడిని నేను క్షమించాలని ప్రార్థిస్తున్నా, ఇంకా చేతకాలేదు.

మరుసటి రోజు 10 గంటలకు పోయినా. రెండు దాకా బెంచీ మీద కూర్చోబెట్టినారు. నీళ్లు కూడా ఇవ్వలేదు. ఎమ్మెల్యే బయటికి రాలేదు. ఒక అనుచరుడు వచ్చి ఇరవై మంది ముందర నిలబడి, "ఏందిమ్మా టీచరమ్మా, అన్న ఇంటి లెక్కలు తీస్తాండావంట? నీ కూతురు మొగున్ని ఇడ్సిపెట్టి నీ ఇంట్లోనే ఉంది గదా. ముందు నీ ఇల్లు సక్కబెట్టుకో పో" అన్నాడు. ఆ ఇరవై మందిలో నలుగురు నా దగ్గర చదువుకున్నవాళ్లు. ఒక్కడూ తల ఎత్తలేదు. నా నోట మాట రాలేదు. ఎప్పుడు లేచినానో, ఎట్ల ఇంటికొచ్చినానో గుర్తు లేదు.

అప్పుడు చెప్పలేని జవాబు ఇక్కడ చెప్తున్నా. నా బిడ్డ మొగుడు తాగొచ్చి చెయ్యి విరగ్గొట్టినాడు. కట్టుతో బస్సు దిగింది. మళ్లీ వాడి దగ్గరికి పంపకపోవడమే నేను నా ఇంటిని చక్కబెట్టుకోవడం. సర్దుకుపోవాలని మా సంఘంలోనూ కొందరు చెప్పినారు, వాళ్లకూ ఇదే జవాబు. క్రైస్తవ కుటుంబమంటే దెబ్బల్ని కొంగు కింద దాచుకోవడమని బైబిల్లో ఎక్కడా లేదు. తాగుడు ఇంట్లో ఏం చేస్తుందో నాకు తెలుసు కాబట్టే ఆ షాపు గురించి అడిగినా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు, ఇక్కడ నేనూ మా వీధివాళ్లతో కలిసి సారా అంగడి ముందు కూర్చున్నదాన్నే. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిన రోజు బడిలో పిల్లలకు బెల్లం పంచినా. రెండేండ్లకే సడలించినారు, అది వేరే సంగతి.

పత్రం రాసినా. చదువు, తల్లిని చూసుకోవడం, నీళ్ల ప్రశ్నలు, కేసుల స్వభావం, అన్నీ ఉన్నది ఉన్నట్టు. "మద్యానికి విరోధి" అని రాయలేదు. చివర ఒక వాక్యం పెట్టినా: మా చర్చి సందులోని అక్రమ మద్యం అంగడిని మూయించమని సంఘం తరఫున కోరుతున్నాం. కమిటీ ఆ వాక్యం కొట్టేసి, ఆ పెద్దాయన చెప్పిన రెండు ముక్కలు చేర్చింది. అట్లయితే కింద నా పేరు వద్దన్నా. మా పాస్టరు అయ్యగారు కాసేపు మౌనంగా ఉండి సరేనన్నారు. పేరు లేకుండానే చదివినారు. ఎమ్మెల్యే పావుగంట ఉన్నాడు, ప్రహరీ మాట మళ్లీ చెప్పి పోయినాడు. నేను వెనక వరుసలో నా బిడ్డ పక్కన కూర్చున్నా.

మీరెవరైనా ఇట్లాంటిది అడగాలనుకుంటే చేత్తో ఇవ్వొద్దు. స్పీడ్ పోస్టులో, చేరినట్టు రుజువు వచ్చేటట్టు పంపండి, జిరాక్సు దాచుకోండి. నేను రెండోసారి అట్లనే పంపినా. 30 రోజులు దాటినా జవాబు లేదు. నిన్న సోమవారం పై అధికారికి మొదటి అప్పీలు వేసినా.