చుక్కమ్మ మెడ

2025 ఫిబ్రవరి మూడోవారం. పొద్దున్నే కోళ్ల గూటి తలుపు తీస్తే అన్నీ దూకి పెరట్లోకి పరుగెత్తాయి, చుక్కమ్మ ఒక్కతీ రాలేదు. ఓ మూలకి ముడుచుకుని, రెక్కలు కిందికి జారేసి, కళ్లు మూసుకుని కూర్చుంది. నేను నూకల చాట పట్టుకుని వస్తే అందరికంటే ముందు నా కాళ్లకి అడ్డం పడేది అదే. ఎత్తి ఒళ్లో పెట్టుకుంటే ఎప్పటికంటే వేడిగా తగిలింది. తోక కింద ఈకలన్నీ తడిసి అంటుకుపోయి ఉన్నాయి. గూట్లో రెట్ట తెల్లగా, మధ్యమధ్య ఆకుపచ్చగా, నీళ్లలా ఉంది. మా అత్తయ్య వంగి చూసి ఒక్క మాటే అంది: "కొక్కెర తెగులు."

ఆ మాటకి నా కాళ్లు ఆడలేదు. ఎందుకంటే ఆ రోగాన్ని ఇంటికి తెచ్చింది నేనే. పది రోజుల ముందు సంతలో ఎర్ర ఈకల డేగపెట్ట ఒకటి ముచ్చటగా కనిపిస్తే కొనుక్కొచ్చి, నేరుగా మావాటితోనే గూట్లో వదిలేశాను. కొత్త కోడిని రెండు మూడు వారాలు విడిగా గంప కింద ఉంచాలని తెలుసు. తెలిసీ చెయ్యలేదు. అది ఐదోరోజుకి వాలిపోతే ఎండకి వడదెబ్బ అనుకున్నాను. చచ్చిపోయింది. తర్వాత మా పింగళపెట్ట ఒక్క రాత్రిలో పోయింది. ఇప్పుడు చుక్కమ్మ.

పైగా ఆ నెల ఎలాంటిదో గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. తణుకు దగ్గర వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ బర్డ్‌ఫ్లూ అని అప్పుడే తేలింది. చికెన్ దుకాణాలు బోసిపోయాయి. మా ఊరు మెట్టలో ఉంది, అంత దగ్గరేం కాదు. అయినా వీధిలో రెండు కోళ్లు చచ్చాయంటే మాట ఎంతసేపట్లో పాకుతుంది? పక్కింటి పిన్నిగారు గోడ మీంచి, "పూర్తిగా వాలిపోకముందే కోసేసుకోండమ్మా, కోడికి ఆసుపత్రేంటి" అంది. ఆవిడ చెడ్డది కాదు, మా ఇళ్లలో తరతరాలుగా జరిగింది అదే. కానీ చుక్కమ్మని నేను పిల్లప్పుడు దీపం బుగ్గ కింద అట్టపెట్టెలో పెంచాను. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు వచ్చిన రోజు మా అమ్మాయి దానికి ఆ పేరు పెట్టింది.

పశువుల డాక్టరుగారు మాస్కు, చేతి తొడుగులు వేసుకుని వచ్చారు. చుక్కమ్మ గొంతులోంచీ వెనకనుంచీ దూదిపుల్లలతో నమూనాలు తీశారు. రోగం చూస్తే రాణీఖేతే, అంటే మన కొక్కెరే అనిపిస్తోందని, కానీ ఈ రోజుల్లో పరీక్ష చెయ్యకుండా ఒక మాట అనలేనని చెప్పారు. బర్డ్‌ఫ్లూ అని వస్తే చుట్టూ కిలోమీటరు మేర కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలి. పిన్నిగారి కోళ్లు కూడా. ఆ నిబంధన తప్పని నేను అనను, రోగం ఆగాలంటే దారి అదే. కానీ ఆ ఫోను కోసం ఎదురుచూసిన రోజుల్లో నాకు ముద్ద దిగలేదు. పింగళని గోడవారగా నడుములోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాం. మాస్కు లేకుండా ఎవరం గూటి దగ్గరికి వెళ్లలేదు.

ఐదోరోజు ఫోనొచ్చింది. బర్డ్‌ఫ్లూ కాదు, రాణీఖేత్. ఉత్తరాఖండ్‌లో కుమావూ కొండల్లోని ఆ పేరు ఊళ్లో వందేళ్ల కింద గుర్తించారని దానికి ఆ పేరు. మనకి కొక్కెరే. "మందు లేదమ్మా దీనికి" అన్నారు డాక్టరుగారు. "వైరసు. యాంటీబయాటిక్ ఇచ్చేది పైనుంచి ఇంకో జబ్బు అంటకుండా ఉండటానికే. చిన్నప్పుడు టీకా చుక్కలు వేయించారు కాబట్టి దాని ఒంట్లో కొంత బలం ఉంది. మేత లోపలికి వెళ్తే నిలబడొచ్చు."

చిన్నప్పుడు వేయించాను, ఏడోరోజున కంట్లో చుక్క, నాలుగోవారంలో మళ్లీ లసోటా అనే టీకా. ఎనిమిదోవారంలో రెక్క కింద వేసే సూదే తప్పిపోయింది. ఆ టీకా సీసా వంద కోళ్లకి వస్తుంది, కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్ల కోసం సీసా తెరవడం ఎందుకని వాయిదా వేసి వేసి మర్చిపోయాను.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. విరేచనం తగ్గింది, ఆయాసం తగ్గింది, గండం గడిచిందనుకున్న రోజున మెడ తిరిగిపోయింది. తల మెల్లగా వెనక్కి వంగి, పక్కకి మెలిపడి, ముక్కు ఆకాశంలోకి లేచింది. నడవబోతే వెనక్కి నడిచేది, పడిపోయేది, రెక్కలు కొట్టుకుని అక్కడే గుండ్రంగా తిరిగేది. రోగం నరాలకి ఎక్కింది. కేజీన్నర ఉండే కోడి తూకానికి తొమ్మిదివందల గ్రాములొచ్చింది. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలేది.

వరండా చివర చీకటిగా ఉండేచోట అట్టపెట్టెలో దాన్ని పెట్టాను. వెలుగూ చప్పుడూ ఉంటే మెడ ఇంకా మెలిపడేది. మూడు గంటలకోసారి తువ్వాల్లో చుట్టి ఒళ్లోకి తీసుకునేదాన్ని. సూది తీసేసిన సిరంజీతో, ముక్కు పక్కనుంచి ఒక్కో బొట్టు. తొందరపడి గొంతులోకి పోస్తే నాలుక మొదట్లోనే ఊపిరి దారి ఉంటుంది, నీళ్లు అందులోకి పోయి ఊపిరాడక చస్తుంది. ఓఆర్ఎస్ నీళ్లు, పలచటి రాగిజావ, డాక్టరుగారు రాసిచ్చిన బి విటమిన్ చుక్కలు. బొట్టు పడగానే గవద కింద చర్మం కదిలేది. అది కదిలితే మింగినట్టు. రాత్రి రెండింటికి సెల్‌ఫోను వెలుతురు చేతివేళ్లతో కమ్మేసి, ఆ చర్మం కదలడం కోసమే చూస్తూ కూర్చునేదాన్ని.

అత్తయ్య ఓ సంగతి కనిపెట్టింది. దవడ కింద రెండు వేళ్లు ఆనించి, ఏమీ బలవంతం చెయ్యకుండా ఊరికే ఉంచితే, కాసేపటికి మెడ తనంతట తాను దిగి నిటారుగా నిలిచేది. వేళ్లు తీస్తే ఓ నిమిషం ఆగి మళ్లీ తిరిగేది. ఆ నిమిషంలో మేత పెట్టాలి.

తొమ్మిదోరోజో పదోరోజో, ఇక చాలమ్మా అని నాకే అనిపించింది. దీన్ని బతికిస్తున్నానా, బాధపెడుతున్నానా? నా తప్పు కడుక్కోవడానికి దాని ఒంటిని వాడుకుంటున్నానా? డాక్టరుగారిని అడిగితే ఒకటే చెప్పారు: మేత చూసి అది ముక్కు కదిపినన్నాళ్లూ చూడండి, మానేసిన రోజు నాకు చెప్పండి, బాధ లేకుండా పంపిద్దాం.

అది మానలేదు. నూకలు చూస్తే పొడిచేది. గురి తప్పి పెట్టె గోడకి తగిలేది, మళ్లీ పొడిచేది. ఇరవైసార్లు పొడిస్తే ఒక్క గింజ. అందుకని పళ్లెం తీసేసి లోతైన చట్టిలో తడిపిన తవుడూ ఉడికించిన గుడ్డూ కలిపి నిండా పెట్టాను. ఎటు తప్పినా ముక్కుకి ఏదో ఒకటి అంటేది. ఆ రోజు మొదటిసారి దాని మేతసంచి బరువుగా చేతికి తగిలింది. నేను వరండాలోనే కూర్చుని ఏడ్చేశాను.

ఐదువారాలకి నడక కుదిరింది. మిగతా కోళ్లకి సూదులు పడ్డాయి, గూడంతా బ్లీచింగుతో కడిగి ఎండబెట్టాం, చుక్కమ్మని మాత్రం డాక్టరుగారు సరేననేదాకా విడిగానే ఉంచాను. ఇప్పుడు మా వీధిలో ఏడిళ్లవాళ్లం కలిసి ఒకే రోజు ఒకే సీసా తెరిపిస్తున్నాం. అందరి కోళ్లూ కలిపితే తొంభై దాకా ఉన్నాయి. లెక్క రాసిపెట్టేది పిన్నిగారు.

జూన్‌లో గుడ్డు పెట్టింది. మొదటిది తోలుగుడ్డు, పెంకు లేకుండా మెత్తగా, గట్టిగా పట్టుకుంటే చితికేలా. నాలుగోది నుంచి మామూలువి వచ్చాయి.

మెడ పూర్తిగా బాగుపడలేదు. ఉరుము ఉరిమినా, పక్కవీధిలో టపాసు పేలినా తల మెలిపడి ముక్కు పైకి లేస్తుంది. అప్పుడు అది ఎక్కడున్నా నా దగ్గరికి అడ్డదిడ్డంగా నడిచొస్తుంది. నేను మెట్టు మీద కూర్చుని దవడ కింద రెండు వేళ్లు ఆనిస్తాను. కాసేపటికి మెడ దిగుతుంది.