తుంగ మీద ఎర్ర తూనీగ

పదకొండు దాటింది. బాబాయి మాటకి ఇంకా మంటగానే ఉంది, రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం చెరువు గట్టున తుంగలో ఆ తూనీగల జంట కనపడింది. మొదట ఒకటి ఇంకోదాన్ని తింటోందనుకున్నా. పచ్చటి ఒంటి మీద నల్ల పట్టీలతో, మొదట్లో ఉబ్బి తర్వాత పుల్లలా సన్నబడే తూనీగ ఉంటుంది కదా, అది తోటి తూనీగల్నే పట్టి తినే రకం. కానీ ఇవాళ పట్టు దానిది కాదు. పండుమిరప రంగు మగది తోక చివరి కొక్కేలతో దాని తలని వెనకనుంచి బిగించి పట్టుకుంది. ఎర్రవాటిలో ఆడది పసుపుగా ఉంటుంది, రంగు చూసి పొరబడ్డానేమోనని ఫోన్‌లో పెద్దది చేసి చూశా. కాదు, ఆ పట్టీలు, ఆ నడుము వేరే జాతివే. సంతోషం పట్టలేక ఇంటి గ్రూపులో పెట్టా.

"జాతి తప్పినవి పురుగుల్లోనూ ఉన్నాయన్నమాట" అని బాబాయి. కింద రెండు నవ్వు బొమ్మలు. అదే గ్రూపులో అక్క ఉంది, చూసినవాళ్ళ పేర్లలో అక్క పేరూ ఉంది. పెళ్ళయి ఏడేళ్ళు. వాళ్ళ పాపని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు ఈయన. ఆ నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళేమో చిన్నప్పుడు అక్క చేత్తో అన్నం తిన్నవాళ్ళు. నాకు అదే ఎక్కువ కష్టంగా ఉంది.

తూనీగల్ని దగ్గరగా చూడడం నేర్పింది అక్కే. అమ్మమ్మగారి ఊళ్ళో వాన వెలిశాక పిల్లలమంతా తూనీగ తోకకి దారం కట్టి ఎగరేసేవాళ్ళం. ఓసారి నేను మిషను దారంతో ముడి మరీ బిగించేశా. అక్క నాలుగు రెక్కలూ కలిపి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి, పళ్ళతో ఆ దారం కొరికింది. వదిలాక కూడా అది ఎగరలేదు. అక్క మణికట్టు మీదే కూచుని ముందుకాళ్ళతో కళ్ళు తుడుచుకుంది. మేమంతా అరుస్తుంటే అక్క మాత్రం చెయ్యి కదపలేదు.

బాబాయికి పెద్ద జవాబే రాశా. ఇలాంటి జంటలు కొత్త కాదని, 1981లోనే అమెరికాలో తూనీగల మీద పరిశోధన చేసే బిక్ దంపతులు వీటన్నిటినీ పోగేసి వ్యాసం రాశారని, కూర్చున్నప్పుడు రెక్కలు ముడిచే సన్నటి రకాలు రెండు స్పెయిన్‌లో కలిసి సంకర సంతానాన్ని కూడా కన్నాయని. పంపబోయి ఆగిపోయా.

నేను చూసింది అది కాదు కదా. మగది వీర్యాన్ని తోక చివరినుంచి ముందే తోక మొదట్లో ఉండే రెండో కణుపు కిందికి చేర్చుకుంటుంది. ఆడది తనంతట తను తోక వంచి అక్కడికి తెస్తేనే జత కుదిరేది. ఈ పచ్చది వంచనే లేదు. తోక నిటారుగా చాపి, పట్టు వదిలేదాకా అలాగే ఉంది. మగది పొరబడి పట్టుకుంది, అంతే. దీన్ని అక్క పెళ్ళికి సాక్ష్యంగా ఎలా తెస్తాను? అక్కా బావా ఒకరినొకరు అడిగి, రెండేళ్ళు ఆగి చేసుకున్నారు. తూనీగలవి రెండు జాతులు. వీళ్ళిద్దరిదీ ఒకటే. బాబాయి చేసిన పొరపాటునే నేనూ చెయ్యబోయా.

రాసిందంతా చెరిపేసి, ఫొటో అక్కకి విడిగా పంపా. "విడిపించుకుందా?" అని అడిగింది. విడిపించుకుంది, తుంగ మీద వాలి చాలాసేపు తల తుడుచుకుంది అని రాశా.

బాబాయికి ఇంకా ఏమీ రాయలేదు.