ఫ్యామిలీ కోర్టులో తేలిపోయిందంటే సివిల్ దావాకు దారి మూసుకుపోయినట్టేనా?

విడాకుల కేసు అయిపోయాక ఇంటి గురించో, ఇచ్చిన డబ్బు గురించో అడగబోతే అవతలి పక్షం నుంచి వచ్చే మొదటి మాట "అదంతా ఫ్యామిలీ కోర్టులోనే తేలిపోయింది, ఇక నువ్వు దావా వేయలేవు" అని. లాయర్ నోటీసులో ఈ మాట చూసి టెన్షన్ పడి న్యాయంగా తమకు రావాల్సింది వదిలేసుకునే వాళ్లున్నారు, నన్ను బాధపెట్టేది అదే.

నోటీసులో ఏం రాశారన్నది పక్కన పెట్టి పాత తీర్పు తెరిచి చూడాలి. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 11లో ఉన్న రెస్ జుడికేటా సూత్రం (ఒకసారి తేలిపోయిన వివాదాన్ని మళ్లీ కోర్టుకు తేకూడదన్నది) ప్రకారం, కొత్త దావాకు అడ్డు రావాలంటే, అవే పక్షాల మధ్య గానీ వాళ్ల ద్వారా హక్కు పొందిన వాళ్ల మధ్య గానీ, అదే విషయం ముఖ్య వివాదంగా నడిచి, దాన్ని తేల్చే అధికారం ఉన్న కోర్టు విచారించి చివరి నిర్ణయం చెప్పి ఉండాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా ఆ సెక్షన్ అడ్డు రాదు.

భరణం కేసే తీసుకోండి. భర్త ఆదాయం లెక్కేస్తూ జడ్జి "ఫలానా ఇల్లు ఇతనిదే" అని ఒక వాక్యం రాశారనుకుందాం. ఇంటి హక్కు మీద అక్కడ విచారణే జరగలేదు, ఎంత భరణం ఇవ్వాలో తేల్చడానికి రాసిన మాట అది. పైగా భరణం గురించి చెప్పే పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 144 కింద నడిచేది క్లుప్త విచారణ, పక్షాల హక్కుల్ని శాశ్వతంగా తేల్చేది కాదు. విడాకుల కేసులో మాత్రం ఫలానా రోజు కొట్టాడా లేదా అన్న దాని మీద ఇద్దరూ సాక్ష్యాలు పెట్టి, జడ్జి "కొట్టినట్టు రుజువు కాలేదు" అని తేలిస్తే, అదే దెబ్బలకు నష్టపరిహారం అడుగుతూ వేసే దావాకు ఆ నిర్ణయం గట్టి అడ్డంకే.

జనం ఎక్కువగా కలగాపులగం చేసేది ఇంకొకటి ఉంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 7 ప్రకారం భార్యాభర్తల మధ్య ఆస్తి వివాదాలు కూడా ఫ్యామిలీ కోర్టుకే వెళ్తాయి, ఆ కోర్టు ఉన్న చోట సెక్షన్ 8 ప్రకారం సివిల్ కోర్టు వాటిని తీసుకోకూడదు. కాబట్టి సివిల్ కోర్టు "ఇది ఇక్కడ కాదు" అని ప్లెయింట్ (దావా పత్రం) వాపసు ఇస్తే మీ హక్కు పోయిందని కాదు, సరైన కోర్టులో వేసుకోమని అర్థం. ఆస్తి అత్తగారి పేరునో బావమరిది పేరునో ఉంటే పరిస్థితి మారుతుంది, పాత కేసులో పక్షం కాని మనిషిని ఆ తీర్పు మామూలుగా కట్టేయదు.

మరి అప్పుడు అడగాల్సింది అడక్కపోతే? దీని మీద లోకంలో ఒకే మాట లేదు. అమెరికాలో న్యూజెర్సీ కోర్టు 1979లో, దెబ్బలకు పరిహారం కూడా విడాకుల కేసుతో కలిపే అడగాలంది. మసాచుసెట్స్ కోర్టు 1988లో విడాకుల తీర్పు అలాంటి దావాకు అడ్డు కాదంది. మన దగ్గర సెక్షన్ 11 నాలుగో వివరణ, అప్పుడు లేవనెత్తాల్సిన వాదనను లేవనెత్తకపోయినా తేలిపోయినట్టే చూస్తుంది. కానీ విడాకులు అడగడానికి కారణం వేరు, ఆస్తి మీద హక్కుకు కారణం వేరు, కాబట్టి విడాకుల పిటిషన్‌లో ఇంటి ఊసు లేదన్న ఒక్క కారణంతో అడ్డు చెప్పడం కష్టం. ఆస్తి కోసమే ఫ్యామిలీ కోర్టుకెళ్లి అదే కారణం మీద రావాల్సిన దాంట్లో కొంత వదిలేసి ఉంటే మాత్రం వదిలేసిన దాని కోసం మళ్లీ దావా వేయనివ్వని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 2 రూల్ 2 పట్టుకుంటుంది.

నాకు అన్నిటికన్నా భయం రాజీ పత్రాలంటేనే. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుంటూ "ఇకపై ఒకరి మీద ఒకరికి ఏ క్లెయిమూ లేదు" అన్న లైను చదవకుండా సంతకం పెడతారు, మోసం జరిగిందని రుజువు చేస్తే తప్ప దాన్నుంచి బయటపడటం చాలా కష్టం.

అవతలి వాళ్లు రెస్ జుడికేటా అంటూ ప్లెయింట్ మొదట్లోనే కొట్టేయమని పిటిషన్ వేస్తే కంగారు పడకండి. పాత కేసు పిటిషన్, కౌంటర్ (అవతలి పక్షం జవాబు), ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు), తీర్పు అన్నీ పరిశీలిస్తే గానీ తేలని విషయాన్ని ఆర్డర్ 7 రూల్ 11 కింద తేల్చకూడదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాగితాల సర్టిఫైడ్ కాపీలు ఇప్పుడే తీయించుకోండి, లిమిటేషన్ గడువు (దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు) ఎప్పటితో అయిపోతుందో కూడా అదే రోజు లాయర్‌ని అడగండి.